మాడ్ చేసిన పీఎస్2కి పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కు, కంప్యూటర్ కలపడం ఎలా

పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మెషిన్) ముందు భాగంలో రెండు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. వాటిలో ఒకదానికీ కంప్యూటర్‌కీ రెండు వైపులా ఒకే రకం పిన్ను ఉన్న యూఎస్‌బీ కేబుల్ వేసి ఫైళ్లు పంపుదామని చాలామంది చూస్తారు. ఆ పని మాత్రం చేయకండి. పీఎస్2 కూడా, కంప్యూటర్ కూడా తమ పోర్టు నుంచి 5 వోల్టులు బయటికి ఇచ్చేవే. రెండూ ఎదురెదురుగా కలిస్తే డేటా ఎటూ పోదు సరికదా, పోర్టు దగ్గరి ఫ్యూజు గానీ చిప్పు గానీ కాలిపోవచ్చు. కంప్యూటర్‌ను కలపాలంటే వెనక ఉన్న లాన్ (నెట్‌వర్క్ కేబుల్) పోర్టే దారి. యూఎస్‌బీ పోర్టులు పెన్‌డ్రైవ్‌కీ హార్డ్‌డిస్కుకీ.

ఇక్కడ చెప్పేదంతా మాడ్ చేసిన మెషిన్ గురించి, అంటే ఫ్రీ మెక్‌బూట్ (బయటి ప్రోగ్రామ్‌లను తెరవనిచ్చే సాఫ్ట్‌వేర్) ఎక్కించిన మెమరీ కార్డు గానీ, అదే పని చేసే మాడ్‌చిప్ గానీ ఉండి, డ్రైవు నుంచి ఆటలు నడిపే ఓపెన్ పీఎస్2 లోడర్ (అందరూ ఓపీఎల్ అనేది), ఫైళ్లు చూసే యూలాంచ్‌ఎల్ఫ్ తెరుచుకుంటున్నది. నెల్లూరు, ఒంగోలు వైపు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు మెషిన్‌ను తిప్పి వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూడండి. ఎస్‌సీపీహెచ్ 70 వేల శ్రేణి, అంటే 70000, 75000, 77000, 79000 అయితే ఫ్రీ మెక్‌బూట్ పనిచేస్తుంది. 90000 శ్రేణిలో మాత్రం చివర్లో వచ్చిన మెషిన్లలో సోనీ ఆ దారి మూసేసింది. వాటికి ఓపెన్‌ట్యూనా లాంటి వేరే పద్ధతి కావాలి. మెమరీ కార్డు సోనీ 8 ఎంబీదే అయితే మేలు. 64 ఎంబీ, 128 ఎంబీ అని రాసి అమ్మే నకిలీ కార్డులు సగం రాయగానే పాడైపోతుంటాయి.

పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడం

మెషిన్‌లో ఉన్నది యూఎస్‌బీ 1.1. లెక్క ప్రకారం సెకనుకు 12 మెగాబిట్లు, అంటే ఒకటిన్నర మెగాబైట్లు. నిజంగా వచ్చేది ఒక మెగాబైటుకు అటూ ఇటూ. అదే మెషిన్‌లోని డీవీడీ డ్రైవు సెకనుకు 5 మెగాబైట్ల పైన చదువుతుంది. ఆట మధ్యలో వీడియో నత్తనడక నడిచేది, మాట ఒకచోట బొమ్మ ఒకచోట పోయేది ఇందుకే. ఖరీదైన యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ కొన్నా ఈ వేగం మారదు. కాబట్టి మంచి కంపెనీ 32 జీబీ యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ చాలు, దానికి మించి ఖర్చు దండగ.

ఫార్మాట్ ఫ్యాట్32, పార్టిషన్ రకం ఎంబీఆర్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను మెషిన్ అసలు చూడదు. ఓపీఎల్ కొత్త 1.2 బీటా వెర్షన్లు ఎక్స్‌ఫ్యాట్ కూడా చదువుతాయి. మీ దగ్గర ఉన్నది ఏ వెర్షనో తెలియకపోతే ఫ్యాట్32 ఎంబీఆర్‌కే కట్టుబడండి, అది దేనితోనైనా నడుస్తుంది. 64 జీబీ, ఆపైన ఉన్న డ్రైవును విండోస్ మామూలు ఫార్మాట్ విండో ఫ్యాట్32గా చేయనివ్వకపోతే రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో బూట్ లేకుండా, ఎంబీఆర్, ఫ్యాట్32 అని ఎంచుకుని చేయవచ్చు.

తరవాత డ్రైవులో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో డీవీడీ, సీడీ అని రెండు ఫోల్డర్లు పెట్టండి. వెండి రంగు డిస్కుల ఇమేజ్‌లు (డిస్కు మొత్తాన్ని ఫైలుగా తీసిన కాపీలు) డీవీడీలోకి, అడుగున నీలం రంగు ఉండేవి సీడీలోకి. రెండూ ఐఎస్ఓ ఫైళ్లుగానే ఉండాలి. సీడీని కాపీ తీసేటప్పుడు బిన్, క్యూ అని రెండు ఫైళ్లు వస్తే వాటిని ముందు ఐఎస్ఓగా మార్చుకోవాలి. ఫైలు పేరు ఇంగ్లిష్‌లో 32 అక్షరాలు దాటకుండా పెట్టండి. కాపీ తీసేది మీ సొంత డిస్కుల నుంచే. ఇమ్‌గ్‌బర్న్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో డిస్కు నుంచి ఇమేజ్ తీసే రీడ్ మోడ్ ఉంటుంది. గీతలు పడిన డిస్కును తక్కువ వేగంతో చదివించండి. ఈ పని వానాకాలానికి ముందే చేసుకోవడం మంచిది. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు ముసురులో కవర్లలో ఉంచిన డిస్కులకు బూజు పడుతుంది. ఒకసారి పూత వరకూ పాకిందంటే ఆ డిస్కు మళ్లీ దొరకదు.

ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అంతకంటే పెద్ద ఆటను యూఎస్‌బీయుటిల్ అనే ప్రోగ్రామ్ 1 జీబీ ముక్కలుగా కోసి డ్రైవు మొదటి స్థాయిలోనే పెడుతుంది. పక్కన యూఎల్ డాట్ సీఎఫ్‌జీ అనే చిన్న ఫైలు రాస్తుంది. ఆ ఫైలే జాబితా. అది పోతే ముక్కలన్నీ ఉన్నా ఆట పేరు తెర మీద కనిపించదు. దాన్ని కంప్యూటర్‌లో ఒక కాపీ దాచుకోండి.

ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే

ఆట పేరు కనిపిస్తుంది, ఎక్స్ నొక్కితే తెల్లటి తెర వచ్చి ఆగిపోతుంది, లేదా ఫైలు ముక్కలైంది అని ఎర్రర్ వస్తుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే "బోర్డు పోయింది అన్నా" అనేస్తారు. బోర్డుకేం కాలేదు. ఓపీఎల్ ఆట ఫైలును డ్రైవు మీద ఒకే వరసలో, తెగకుండా ఉండాలని కోరుకుంటుంది. పాత వెర్షన్లు ఒక్క చోట తెగినా ఒప్పుకోవు, కొత్తవి కొన్ని ముక్కల వరకు సర్దుకుంటాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక ఆట తీసేసి ఇంకోటి వేస్తే, తీసేసిన చోట మిగిలిన ఖాళీలోకి కొత్త ఆట సగం వెళ్తుంది, మిగతా సగం డ్రైవు చివరకు పోతుంది. తెగింది అంటే అదే.

మందు సులువు. డ్రైవులో ఉన్నవన్నీ కంప్యూటర్‌లోకి తీసుకోండి, డ్రైవును ఫార్మాట్ చేయండి, ఆటలను ఒకదాని తరవాత ఒకటిగా మళ్లీ వేయండి. రెండు కాపీలు ఒకేసారి నడపకండి, అలా చేస్తే రెండు ఫైళ్లూ జడలా అల్లుకుపోయి రెండూ తెగుతాయి. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. డ్రైవు తీసేముందు సురక్షితంగా బయటికి తీసే ఆప్షన్ నొక్కండి. విండోస్ ఇంకా రాస్తూ ఉండగా లాగేస్తే ఫైలు పట్టిక చెడిపోయి, మళ్లీ మొదటికే వస్తారు.

వరస సరిగ్గా ఉన్నా తెల్ల తెర వస్తే అప్పుడు ఆ ఆట సెట్టింగ్స్‌లోని కంపాటిబిలిటీ మోడ్‌లు చూడండి. ముందు మోడ్ 1, అది కాకపోతే మోడ్ 2, తరవాత మోడ్ 3, ఒక్కొక్కటిగా. వీడియో దగ్గరే ఆగిపోతుంటే వీడియోలు దాటేసే మోడ్ 4. రెండు పొరల డీవీడీ ఆటలకు మోడ్ 5. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, కొన్ని ఒకదానికొకటి అడ్డం పడతాయి కూడా.

ఓపీఎల్ మొదటిసారి తెరిచినప్పుడు ఆటల జాబితా ఖాళీగా ఉంటే కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ స్టార్ట్ మోడ్ (కొత్త వెర్షన్లలో బీడీఎం స్టార్ట్ మోడ్) ఆఫ్‌లో ఉండి ఉంటుంది. దాన్ని ఆటో చేసి, బయటికి వచ్చి, సేవ్ ఛేంజెస్ నొక్కండి. సేవ్ మరిచిపోతే మళ్లీ పెట్టినప్పుడు మళ్లీ ఖాళీయే.

హార్డ్‌డిస్కు, కరెంటు

పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. పెన్‌డ్రైవ్‌కు ఎక్కువే, లాప్‌టాప్ సైజు హార్డ్‌డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మాత్రం అంతకంటే ఎక్కువ లాగుతుంది. టిక్, టిక్ అని చప్పుడు చేస్తూ లైటు వెలిగి ఆరుతుంటే అది కరెంటు చాలక పడే అవస్థ. డిస్కు పోలేదు, కానీ అలాగే వదిలేస్తే పోతుంది. సొంత అడాప్టర్ ఉన్న 3.5 అంగుళాల డిస్కు అన్నిటికన్నా నమ్మకమైనది. ముందు డిస్కుకు కరెంటు ఇచ్చి, అది నిలకడగా తిరిగాక పీఎస్2 ఆన్ చేయండి. చిన్న డిస్కే ఉంటే వై ఆకారపు కేబుల్‌తో రెండు పోర్టుల నుంచీ కరెంటు తీసుకోవచ్చు. రెండో కాలు కరెంటుకే, డేటా రాదు.

సన్నం పీఎస్2 (79000 వరకు) అడాప్టర్ 8.5 వోల్టులు. సెట్‌టాప్ బాక్సు 12 వోల్టుల అడాప్టర్ పిన్ను సరిపోయినట్టు అనిపించినా పెట్టకూడదు. పాత నకిలీ అడాప్టర్ అయితే డిస్కు తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోయి మెషిన్ తనంతట తానే ఆగిపోతుంది. హార్డ్‌డిస్కు అడాప్టర్, టీవీ ఎర్తింగ్ లేని ప్లగ్గుల్లో ఉంటే రేకు ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. ఆ స్థితిలో కేబుళ్లు పెట్టి తీయకండి. అన్నీ ఒకే ఎర్తింగ్ ఉన్న బోర్డులోకి మార్చి, ఆఫ్ చేసి ఉండగానే కలపండి.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకు ఒక మాట. మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉప్పు గాలికి పోర్టులోని నాలుగు రాగి పట్టీలకు ఆకుపచ్చ పొర పడుతుంది. టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌ను కదిపితే పనిచేసి, వదిలేస్తే ఆగిపోతుంటే తప్పు ఆ పొరదే. మెషిన్‌ను ప్లగ్గు నుంచి తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత మెత్తటి బ్రష్‌తో పట్టీలను రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము పోర్టుల కన్నా ఫ్యానులో ఎక్కువ పేరుకుంటుంది, అక్కడ ఫ్యాను జాలీ కూడా అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

కంప్యూటర్‌ను లాన్‌తో కలపడం

వీడియో ఆగకుండా ఆడాలంటే ఇదే మంచి పద్ధతి. సన్నం మెషిన్లన్నిటికీ లాన్ పోర్టు ఉంది. పాత లావు మెషిన్‌కు వెనక నెట్‌వర్క్ అడాప్టర్ విడిగా కావాలి. పాత లాప్‌టాప్ ఒకటి దీనికే కేటాయించుకుంటే శ్రమ తగ్గుతుంది.

1. మామూలు క్యాట్5ఈ కేబుల్‌తో లాప్‌టాప్‌నూ పీఎస్2నూ నేరుగా కలపండి. క్రాస్ కేబుల్ అక్కర్లేదు.

2. లాప్‌టాప్ లాన్ సెట్టింగ్స్‌లో ఐపీ 192.168.50.1, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. 192.168.1తో మొదలయ్యేది ఇవ్వకండి. ఇంటి వైఫై రౌటర్ ఎక్కువగా అదే వాడుతుంది, రెండూ ఒకటైతే లాప్‌టాప్ దారి తప్పుతుంది.

3. విండోస్ ఫీచర్ల జాబితాలో ఎస్‌ఎంబీ 1.0 ఫైల్ షేరింగ్ కింద సర్వర్‌ను టిక్ చేసి రీస్టార్ట్ చేయండి. ఓపీఎల్‌కు పాత ఎస్‌ఎంబీనే తెలుసు.

4. పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ యూజర్‌ను తయారు చేయండి. పీఎస్2ఎస్‌ఎంబీ అనే పేరుతో ఒక ఫోల్డర్ షేర్ చేసి ఆ యూజర్‌కు పూర్తి అనుమతి ఇవ్వండి. లోపల అదే డీవీడీ, సీడీ ఫోల్డర్లు.

5. ఓపీఎల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పీఎస్2 ఐపీ 192.168.50.10, మాస్క్ అదే, పీసీ ఐపీ 192.168.50.1, పోర్టు 445, షేర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్. ఈథర్‌నెట్ స్టార్ట్ మోడ్ ఆటో చేసి, సేవ్ ఛేంజెస్ నొక్కండి.

కనెక్ట్ కాకపోతే ముందు ఫైర్‌వాల్ చూడండి. నేరుగా కలిపిన కేబుల్‌ను విండోస్ గుర్తు తెలియని పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేసి షేరింగ్‌ను అడ్డుకుంటుంది. ఫైర్‌వాల్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆ రకానికీ అనుమతించాలి. ఇక్కడ ఎన్‌టీఎఫ్‌ఎస్ సమస్య లేదు, 4 జీబీ హద్దు లేదు, ముక్కల గొడవా లేదు. ఫైలును చదివి పంపేది విండోసే కాబట్టి డిస్కు ఎలా ఉన్నా పీఎస్2కు తెలియదు.

ఎస్‌ఎంబీ1 భద్రత లేని పాత పద్ధతి. 2017లో వాన్నాక్రై వైరస్ పాకింది దాని లోపం గుండానే. అందుకే ఇంట్లో బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ మీద దీన్ని ఆన్ చేయకండి. వేరే లాప్‌టాప్ లేకపోతే ఆడేటప్పుడు వైఫై ఆపండి, ఆట అయ్యాక ఆ టిక్ తీసేయండి. కొత్త విండోస్ 11 దీన్ని పట్టుకుని సతాయిస్తే యూడీపీబీడీ అనే పద్ధతి ఉంది. కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్ డ్రైవును ఒక చిన్న సర్వర్ ప్రోగ్రామ్ పీఎస్2కు చూపిస్తుంది, దాన్ని చదివే ఓపీఎల్ వెర్షన్ ఉండాలి. అది నడుస్తున్నంతసేపు ఆ డ్రైవులోకి కంప్యూటర్ నుంచి ఏమీ కాపీ చేయకూడదు. రెండు వైపులా ఒకే డిస్కును తాకితే పట్టిక చెడుతుంది.

సేవ్‌లు బయటికి తీయడం

ఆటల కన్నా విలువైనవి ఏళ్ల నాటి సేవ్‌లు, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చామో కార్డులో దాచినవి. కార్డు ఒకసారి పోతే అవి తిరిగి రావు. యూలాంచ్‌ఎల్ఫ్‌లో ఫైల్‌బ్రౌజర్ తెరిస్తే ఎంసీ0 అంటే మొదటి కార్డు, మాస్ అంటే పెన్‌డ్రైవ్. కార్డులోని సేవ్ ఫోల్డర్ మీద ఆర్1 నొక్కి కాపీ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి ఆర్1 నొక్కి పీఎస్‌యూ పేస్ట్ చేయండి. మామూలు పేస్ట్ కాదు, ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలుగా రావాలంటే పీఎస్‌యూనే. రాస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు, వేసవిలో కోతలు ఉన్న ఊళ్లలో చిన్న కంప్యూటర్ యూపీఎస్ మీద పెట్టి చేయండి.

లాన్ ఉన్నవాళ్లు ఇదే పని ఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) చేయవచ్చు. యూలాంచ్‌ఎల్ఫ్‌లో పీఎస్2నెట్ నడిపి, కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌కు పీఎస్2 ఐపీ ఇవ్వండి. ఈ ఐపీ ఓపీఎల్‌లో పెట్టినది కాదు, మెమరీ కార్డులో ఐపీకాన్ఫిగ్ అనే ఫైలులో రాసినది. దాన్ని కూడా 192.168.50.10గా మార్చుకోవాలి. ఫైల్‌జిల్లాలో ఒకేసారి ఒకే కనెక్షన్ అని పెట్టండి. రెండోది తెరవబోతే పీఎస్2 జవాబు చెప్పడం మానేస్తుంది, అప్పుడు మెషిన్ ఆపి మళ్లీ పెట్టడం తప్ప దారి ఉండదు.