బెట్ట తర్వాత వాన పడి పత్తి చేను వాలితే: మోటారు వేసే ముందు చదవండి

పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం మా మేనమామ ఫోన్ చేశాడు. "చేనంతా తల వాల్చేసిందిరా. పొద్దున బాగానే ఉంది. రాత్రి వాన పైపైనే తడిపినట్టుంది, వేర్లకు అందలేదేమోనని మోటారు వేశాను" అన్నాడు. అంతకుముందు ఇరవై రోజులు చినుకు లేదు. ఆ రాత్రి కుండపోత. తెల్లారేసరికి చిటచిటలాడే ఎండ. నేను బండి వేసుకుని వెళ్లేసరికి చేలో మూడు గంటలు నీళ్లు పారాయి. రెండెకరాల్లో సగానికి పైగా మొక్కలు మళ్లీ లేవలేదు. అన్నీ గూడ, పూత, కాయ మీదున్న మొక్కలు.

ఆయన ముప్పై ఏళ్లుగా పత్తి వేస్తున్నాడు. అలాంటి మనిషే ఈ పని చేశాడంటే ఎవరైనా చేస్తారు. అందుకే రాస్తున్నాను. ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, గుంటూరు, కర్నూలు, ఎక్కడైనా సరే, నల్లరేగడిలో పత్తి ఉన్నవాళ్లకు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ఈ ప్రమాదం ఉంటుంది. మురుగు కాలువలు తీసుకోండి, వాతావరణం చూసుకోండి లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒకే ఒక్క తప్పు గురించి: ఆకు వాలింది కదా అని నీళ్లు పెట్టడం.

నీళ్లలో నిలబడి కూడా మొక్క ఎందుకు వాలుతుంది

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. వాన పడి ఆ సందులు నీళ్లతో నిండితే గాలి బయటికి పోతుంది. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి పైనుంచి కొత్తది దిగదు. వేడెక్కిన నేలలోనైతే వేర్లు, సూక్ష్మజీవులు కలిసి మిగిలిన ఆక్సిజన్‌ను గంటల్లోనే వాడేస్తాయి.

ఈ సంగతి మొక్కకు ఎలా తెలుస్తుంది? కణంలో కొన్ని ప్రొటీన్లు ఎప్పుడూ తయారవుతూ, ఎప్పటికప్పుడు నాశనమవుతూ ఉంటాయి. వాటి మొదటి కొసన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఒక ఎంజైము ఆ సిస్టీన్‌కు ఆక్సిజన్‌ను అంటిస్తుంది. ఆ గుర్తు పడిన ప్రొటీన్‌ను కణం ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, ప్రొటీన్ మిగిలిపోతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి, గాలి లేకుండా బతకడానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. 2011లో ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో దీన్ని కనుక్కున్నారు. ఆ జన్యువులు మేల్కొన్నాక వేరు చక్కెరను పులియబెట్టే పద్ధతికి మారుతుంది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి. ఇలా పులియబెడితే వచ్చేది 2 మాత్రమే.

మా మామను ముంచింది దీని తర్వాత జరిగేది. శక్తి పడిపోయాక వేరు కణం లోపల ఆమ్లత పెరుగుతుంది. నీళ్లు లోపలికి రావడానికి కణం పొరలో ఆక్వాపోరిన్లు అనే సన్నని ద్వారాలుంటాయి. ఆమ్లత పెరగగానే అవి మూసుకుపోతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2003లో దీన్ని అణువు స్థాయిలో చూపించారు. అంటే వేరు చుట్టూ నీళ్లే, తాగే దారి మాత్రం మూసి ఉంది. పైన ఎండ కాస్తోంది, ఆకు నీటిని ఆవిరి చేస్తూనే ఉంది. కాయ బరువు, గుబురు ఆకు ఉన్న మొక్కకు ఆ లోటు మరీ ఎక్కువ. అందుకే మధ్యాహ్నానికల్లా వాలిపోతుంది. పత్తిలో దీన్నే పారావిల్ట్ అంటారు. అంతకుముందు బెట్ట ఎంత ఎక్కువ రోజులుంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

మీరు పెట్టే నీళ్లు ఆ ద్వారాన్ని తెరవలేవు. మట్టి సందుల్లోకి అప్పుడప్పుడే తిరిగొస్తున్న గాలిని మళ్లీ తరిమేస్తాయి, అంతే.

వాలిన చేను ముందు నిలబడినప్పుడు

ముందు స్టార్టర్ దగ్గరికి కాదు, చేలోకి వెళ్లండి. వాలిన మొక్క పక్కన గడ్డపారతో జానెడు లోతు తవ్వండి. ఆ మట్టిని పిడికిట్లో పిసకండి. వేళ్ల సందుల్లోంచి బురద ఊరితే నీళ్లు చాలక వాలింది కాదు. మా మామ చేలో గుంత తవ్విన కాసేపటికే అడుగున నీళ్లు ఊరాయి, కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఒక మొక్క పీకి వేరు కడిగి చూశాం. పీచువేర్లు తెల్లగా ఉండాల్సింది, గోధుమరంగుకు తిరిగాయి. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు గొట్టంలా ఊడొచ్చి లోపలి దారం ఒక్కటే మిగిలింది. మామ ఆ దారాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కాండాన్ని మొదట్లో నిలువుగా చీల్చి చూడండి. లోపల గోధుమరంగు చారలుంటే అది ఎండు తెగులు, దాని వైద్యం వేరు. చారలు లేకుండా శుభ్రంగా ఉండి, మొక్కలు కొన్ని గంటల్లోనో ఒక్క రోజులోనో ఒక్కసారిగా వాలితే పారావిల్ట్ అనుకోండి. ఈ రెండు పరీక్షలకూ కలిపి పది నిమిషాలు కూడా పట్టదు. నీళ్లు ఆ పది నిమిషాలు ఆగొచ్చు.

మొదటి రోజు

నీళ్లు బయటికి పంపడమే అసలు వైద్యం. నాలుగైదు సాళ్లకొకటి చొప్పున, చేను వాలు ఎటుంటే అటు, పారతోనైనా సరే చిన్న కాలువ తీసి నీటిని వదలండి.

రెండోది కోబాల్ట్ క్లోరైడ్. గాలి అందని వేరు ఏసీసీ అనే పదార్థాన్ని తయారుచేసి పైకి పంపుతుంది. అది ఇథిలీన్ అనే వాయు హార్మోన్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, వేరు దగ్గర అది లేదు. ఆకుల్లో పుష్కలంగా ఉంది కాబట్టి ఏసీసీ అక్కడికి చేరి ఇథిలీన్ అవుతుంది. అదే ఆకు కాడను కిందికి వంచుతుంది, గూడను, పూతను, లేత కాయను రాల్చేస్తుంది. ఏసీసీని ఇథిలీన్‌గా మార్చే ఎంజైమును కోబాల్ట్ అడ్డుకుంటుంది. వాలడం మొదలైన కొన్ని గంటల్లోనే కొట్టాలి. రెండు రోజులయ్యాక కొడితే డబ్బు దండగ.

మోతాదు లీటరుకు 10 మిల్లీగ్రాములు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు. అంటే వంద లీటర్ల నీటికి ఒక్క గ్రాము. 15 లీటర్ల ట్యాంకుకు 150 మిల్లీగ్రాములు, చిటికెడంత. కంటి అంచనాతో వేయకండి, షాపులో తూకం వేయించి పొట్లాలు కట్టించుకోండి. ఇది విషం, చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టుకోకండి. కొనే ముందు మీ మండల వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో ఫోన్ చేసి మీ చేను పరిస్థితి చెప్పండి.

ఇక మిగిలినవి. ఒకదాని కింద ఒకటి రాస్తున్నాను, ఏదీ వదలకండి.

- నీళ్లు తీసేశాక కూడా రెండు మూడు రోజులు మొక్క వాడినట్టే కనిపిస్తుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా తిరిగొచ్చినప్పుడు కణాల్లో దాని తీవ్ర రూపాలు పుట్టి పొరలను దెబ్బతీస్తాయి, పైగా వేరు కోలుకోవడానికి టైం పడుతుంది. చాలామంది రెండోసారి ఇక్కడే టెన్షన్ పడి మోటారు వేస్తారు. వేయకండి. తవ్వి చూడండి.

- నీళ్లు నిలిచిన చేలో యూరియా చల్లకండి. అందులోని నత్రజనిలో కొంత భాగం వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. మిగిలినదాన్ని పీల్చుకునే శక్తి వేరుకు లేదు, 30కి 2 అని పైన చెప్పాను.

- ఆకు నిటారుగా లేచాకే పోషకాలు. వేరు పనిచేయదు కాబట్టి ఆకు మీదే ఇవ్వాలి: 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు.

- వాలిన చేలో కలుపు మందు కొట్టొద్దు.

- మూడు మందులు కలిపి ఒకే ట్యాంకులో పోయొద్దు. షాపులో ఇచ్చారని అసలే పోయొద్దు.

- వరిని దీనితో పోల్చకండి. వరి వేరులో గాలి దిగడానికి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి, పత్తికి ఆ ఏర్పాటు లేదు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకానికి ఒడిశా పాత రకం నుంచి ముంపును తట్టుకునే సబ్1 జన్యువును చేర్చి తెచ్చిన స్వర్ణ-సబ్1 అయితే రెండు వారాల దాకా మునిగినా నిలుస్తుంది. "పక్కన వరి బాగానే ఉందిగా" అని పత్తిని నీళ్లలో వదిలేసినవాళ్లను చూశాను.

- ముంపు తగ్గిన వరిలో కొత్త ఆకు తొడిగేదాకా పైపాటు ఎరువు ఆపండి.

- బెట్ట సాగుతున్నప్పుడు, మట్టి తవ్వి చూసి నిజంగా పొడిగా ఉందని తేలితే తడి ఇవ్వండి. కానీ సాలు విడిచి సాలు, పలచగా, సాయంత్రం. ఇరవై రోజులు ఎండిన చేనుకు మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా నిండా పారించారంటే వాన చేసే నష్టం మీ చేత్తోనే చేసినట్టు.

- వాన సూచన ఉంటే ఆ తడి కూడా ఆపండి.

- బురద ఆరకముందే గుంటక తోలకండి. పదునొచ్చాక తోలండి, అప్పుడే మట్టిలోకి గాలి దిగుతుంది.

- మేడ మీద కుండీల్లో టమాటా, మిరప పెంచేవాళ్లు కూడా ఇంతే. వాలిన మొక్కకు చెంబుతో నీళ్లు పోసే ముందు కుండీలో వేలు దించండి. తడిగా ఉంటే చెంబు పక్కన పెట్టి అడుగున చిల్లు మూసుకుపోయిందేమో చూడండి.

- ఇంట్లో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి: మోటారు ఫోన్ నుంచే ఆన్ అవుతుంటే, చేను చూడకుండా ఎవరూ నొక్కకూడదు.

- వారం తర్వాత కాండం మొదట్లో తెల్లటి బుడిపెలు కనిపిస్తే పురుగు గుడ్లనుకునో, బూజనుకునో మందు కొట్టకండి. ఊపిరి రంధ్రాల దగ్గర కణాలు ఉబ్బితే అలా కనిపిస్తుంది, వేరుకు గాలి చేర్చుకోవడానికి మొక్క చేసుకునే ఏర్పాటు అది. మా మామ చేలో మిగిలిన మొక్కలకు నిన్ననే వచ్చాయి. వాటి మీదికి మట్టి ఎగదోయకండి.