సంక్రాంతి లీవు అందరికీ కావాలి: టీమ్‌లో గొడవ పడకుండా తేల్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో సపోర్ట్ టీమ్‌లో పనిచేసే ఎవరికైనా ఇది తెలిసిన తలనొప్పే. ఆరుగురు ఉంటారు, భోగి నుంచి కనుమ దాకా ఆరుగురికీ లీవు కావాలి, అమెరికా క్లయింట్‌కి మాత్రం అవి మామూలు పనిదినాలు. చివరికి ముందు అప్లై చేసినవాళ్లు ఊరెళ్తారు, భారం కొత్తగా చేరినవాళ్ల మీదో పెళ్లికానివాళ్ల మీదో పడుతుంది. వాళ్లు అప్పటికి నోరెత్తరు, కానీ ఆ కోపం తర్వాత నెలల తరబడి ప్రతి మీటింగ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఇది కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం.

ముందు, ఎప్పుడు మాట్లాడాలి? రైలు రిజర్వేషన్ ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. అంటే పండగ టికెట్లు నవంబర్ రెండో వారం నుంచే మొదలైపోతాయి. చేతిలో టికెట్ పడ్డాక ఏ మనిషీ వెనక్కి తగ్గడు, కాబట్టి నవంబర్ మొదటి వారంలోనే టీమంతా ఒక అరగంట కూర్చోండి. డిసెంబర్‌లో మొదలుపెడితే అది చర్చ కాదు, పోట్లాట.

కూర్చున్నప్పుడు "ఎవరికి లీవు కావాలి" అని అడగొద్దు, అందరూ చెయ్యెత్తుతారు. ఏ రోజు, ఎందుకు అని అడగండి. ఇదే అసలు కిటుకు.

"అన్నా, నీకు తప్పనిసరిగా ఏ రోజు కావాలి?"

"భోగి సాయంత్రం పాపకి భోగిపళ్లు పోస్తున్నాం, దానికి ఉండాల్సిందే."

"మరి కనుమ రోజు?"

"కనుమ నాడు సాయంత్రం లాప్‌టాప్ తీయమంటే తీస్తా, ఇబ్బంది లేదు."

చూశారా, మూడు రోజుల లీవు అడిగిన మనిషికి గట్టిగా కావాల్సింది ఒక్క రోజు. ఇంకొకరికి కొత్త అల్లుడిగా మొదటి పండగ, అది కదలదు, దాన్ని కదిలించాలని చూడకండి కూడా. మరొకరి బాధంతా తిరుగు ప్రయాణం, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఇరుక్కోకుండా ఒక రోజు ఆగి బయల్దేరాలి, వాళ్లకి లీవు కాకుండా ఇంకో రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చినా సరిపోతుంది. ఇలా విడగొట్టి చూస్తే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

మిగతా సగానికి ఏడాది మొత్తం క్యాలెండర్ ముందేసుకోండి. దసరా, సద్దుల బతుకమ్మ పెద్ద పండగగా ఉన్నవాళ్లు సంక్రాంతికి ఉంటామంటే, దసరాకి మొదటి ఛాయిస్ వాళ్లదే. క్రిస్మస్ కూడా అంతే. రంజాన్ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి రెండు రోజులు ఖాళీగా ఉంచండి. కానీ ఎవరికి ఏ పండగ ముఖ్యమో మీరే ఊహించేయొద్దు. "నీకెలాగూ పండగ లేదుగా" అనే మాట టీమ్‌లో ఎవరి నోటా రాకూడదు, పిల్లల స్కూలు సెలవులు వాళ్లకీ ఉంటాయి, ఊళ్లో అమ్మానాన్నలు వాళ్లకీ ఉంటారు. జూనియర్ల చేత ముందు చెప్పించండి, టీమ్ లీడ్ ఆఖర్న చెప్పాలి, లేదంటే లీడ్ చెప్పిన తేదీల చుట్టూ అందరూ సర్దుకుపోతారు. తేలింది ఏదైనా అప్పుడే గ్రూప్‌లో పేర్లతో, తేదీలతో రాసేయండి, దసరా నాటికి లీడే మారిపోవచ్చు.

ఆ తర్వాతే మేనేజర్ దగ్గరికి. "సర్, లీవు ఇస్తారా" అని ఒక్కొక్కరూ వెళ్తే ఒక్కొక్కరికీ కాదనడం తేలిక. అందరి తరఫునా ఒక ప్లాన్ పట్టుకెళ్లండి. జనవరిలో న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర. అంటే అక్కడి క్లయింట్‌కి పగలంతా మనిషి అక్కర్లేదు, రాత్రి షిఫ్ట్‌కి ఇద్దరుంటే చాలు. మెసేజ్ ఇలా పెట్టొచ్చు: "సర్, పండగ మూడు రోజులూ రాత్రి ఏడు నుంచి ఇద్దరు ఉంటారు, పేర్లు కింద ఇచ్చాం. ఉన్నవాళ్లకి కాంప్ ఆఫ్ (బదులుగా ఇంకో రోజు సెలవు) ఇస్తామని ఇదే మెయిల్‌లో కన్ఫర్మ్ చేస్తారా?" కాంప్ ఆఫ్ నోటిమాటగా వదిలేయకండి, పండగయ్యాక దాని గురించి అడగడం ఎవరికైనా మొహమాటమే.

ఊరి నుంచి పనిచేస్తామని ఒప్పుకునేవాళ్లు ముందు ఆ ఇంట్లో నెట్ వస్తుందో లేదో చూసుకోవాలి. సిగ్నల్ కోసం మేడెక్కాల్సిన ఊరైతే ఒప్పుకోవద్దు, "అక్కడి నుంచి కుదరదు, బదులుగా ముందు వారం రెండు నైట్‌షిఫ్ట్‌లు చేస్తా" అని సూటిగా చెప్పండి. అప్పుడు సరే అనేసి ఆ రోజు ఫోన్ కలవకపోతే, వచ్చే ఏడు మీ మాట ఎవరూ నమ్మరు.

ఇక హ్యాండోవర్, అంటే ఉన్నవాళ్లకి పని అప్పగించడం. ఏ ఇష్యూ వస్తే ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్ చేయొచ్చో, ఏది సోమవారం దాకా ఆగుతుందో బయల్దేరే ముందే రాసిపెట్టండి. ప్రొడక్షన్, అంటే క్లయింట్ రోజూ వాడే సిస్టమ్, పూర్తిగా ఆగిపోతే తప్ప భోగిపళ్లు పోస్తున్న ఇంటికి ఫోన్ వెళ్లకూడదు.