భూమి కాగితాల్లో ‘ఫోర్‌షోర్’ అని ఉంటే ఎలా అర్థం చేసుకోవాలి? స్థలాన్ని ఎలా సరిచూసుకోవాలి?

ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్ నుంచి ఆంధ్ర సరిహద్దున ఉన్న సోనాపూర్ దాకా సముద్రం ఒడ్డున బతికే తెలుగువారి హక్కుపత్రాలు ఒడియాలో ఉంటాయి. తీరప్రాంత నిబంధనలు, పటాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఆ కాగితాల్లో తరచుగా అపార్థానికి గురయ్యే మాట ‘ఫోర్‌షోర్’. సముద్రానికి దగ్గరగా ఉన్న భూమి అంతా ఫోర్‌షోరే అని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి అది ఒక సన్నని పట్టీ మాత్రమే.

ముందుగా మాట హద్దును తెలుసుకోవాలి. పోటు సమయంలో నీరు ఎక్కే అంచుకు, ఆటు సమయంలో నీరు దిగే అంచుకు మధ్య మునుగుతూ తేలుతూ ఉండే నేలే ఫోర్‌షోర్. తెప్పలను పైకి లాగి పెట్టుకునే పొడి ఇసుక, వలలు ఆరబెట్టే మెరక, దాని వెనుక ఉండే మొగలి పొదలు, సరుగుడు తోటలు దాని కిందికి రావు. ‘బీచ్’ అంటే తడి ఇసుక, పొడి ఇసుక రెండూ కలిసినది; ‘కోస్ట్’ అంటే ఊళ్లతో సహా తీరప్రాంతం మొత్తం. చెరువులు, జలాశయాల కాగితాల్లోనూ ఫోర్‌షోర్ అన్న మాట వస్తుంది. అక్కడ అది నీరు నిండినప్పుడు మునిగే అంచు భూమి గనుక, కాగితం సముద్రం గురించినదా, చెరువు గురించినదా అన్నది ముందే చూసుకోవాలి.

ఈ హద్దుకు ఇంత పట్టింపు ఎందుకంటే, పోటు గీతకు దిగువనున్న నేల ప్రభుత్వానిది. గంజాం 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కూడా ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఫోర్‌షోర్ స్థలాన్ని అమ్ముతామని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోవడం మంచిది.

తరువాత ‘హై టైడ్ లైన్’, అంటే ఆ పోటు గీత, ఎక్కడుందో చూడాలి. వెళ్లిన రోజున అల ఎంతవరకు వచ్చిందన్నది దీనికి కొలత కాదు. అమావాస్య, పున్నమి నాళ్ల పెద్ద పోటులో నీరు నేల మీద ఎంత పైకి చేరుతుందో అదే ఈ గీత. పోటు తీసిన తరువాత కట్టెపుల్లలు, గవ్వలు, తెగిన వల ముక్కలు వరుసగా మిగిలిపోయే చోటు దానికి ఒక ఆనవాలు. అయితే తుఫాను ఉప్పెన తెచ్చి పడేసిన చెత్త వరుసను చూసి ఇదే గీత అనుకోకూడదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి లాంటి ఉప్పెన గాలివల్ల వచ్చినదే గాని పోటు కాదు. ఏమైనా ఈ ఆనవాళ్లు మన అంచనాకే పనికొస్తాయి. ఆఫీసులో చెల్లేది అధికారిక పటంలోని గీత ఒక్కటే.

ఇక కాగితం పని. ఒడిశా ప్రభుత్వపు ‘భూలేఖ్’ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని, ఖతియాన్ (హక్కుపత్రపు ఖాతా) నంబరుతో గాని ప్లాటు నంబరుతో గాని వెతికితే హక్కుపత్రం కనిపిస్తుంది. అందులో ‘కిసం’ అన్న గడి నేల రకాన్ని తెలుపుతుంది. ఖాతా ‘రఖిత’ అనో ‘సర్వసాధారణ’ అనో ఉంటే అది ప్రభుత్వ భూమి. అమ్మేవారు తాతల నాటి అనుభవం గురించి ఎంత చెప్పినా అక్కడ సొంత పట్టా లేనట్టే.

ఆ ప్లాటును తీర మండల నిర్వహణ పటంతో పోల్చాలి. మామూలు పటం 1:25,000 కొలతలో ఉంటుంది, అంటే ఒక సెంటీమీటరుకు 250 మీటర్లు. అందులో ఇంటి స్థలం చుక్కంత కూడా కనిపించదు గనుక, సెంటీమీటరుకు 40 మీటర్లు చూపే 1:4,000 గ్రామస్థాయి పటాన్ని అడగాలి. హై టైడ్ లైన్ నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు తీర నియంత్రణ మండలం ఉంటుంది. ఈ మండలంపై కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2011 నాటి ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు సాధారణంగా వీలులేదు. 2019 ప్రకటన మాత్రం, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది. అందుకే పటం ఏ ప్రకటన ప్రకారం తయారైందో దాని మీద చదివిన తరువాతే టేపు పట్టాలి.

రుషికుల్య, బాహుదా నదుల మొగల దగ్గర సముద్రం ఒక్కదాన్నే చూస్తే చాలదు. పోటు ప్రభావం నదిలోకి ఎంతదూరం ఉంటే అంతదూరం ఒడ్డు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి. అలాంటి చోట్లకు నిబంధనలు అన్నిటికంటే కఠినం.

ఇల్లు కట్టుకోవడానికి దరఖాస్తు రాసేటప్పుడు ‘మా ఫోర్‌షోర్ భూమి’ అని రాయకండి. అలా రాస్తే అది ప్రభుత్వ నేలేనని మీ చేతులతో మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఖతియాన్ నంబరు, ప్లాటు నంబరు, కిసం రాసి, ‘హై టైడ్ లైన్ నుంచి భూమి వైపు ఇన్ని మీటర్ల దూరంలో ఉన్నది’ అని స్పష్టంగా చేర్చి, గ్రామస్థాయి పటం నకలు జతచేయండి.