సేల్స్ ఆర్డర్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం: సపోర్టులో కొత్తగా చేరినవాళ్లకి

మా టీములోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారం నేను చూపించేది ఒకటే స్క్రీన్. కంపెనీల అమ్మకాలు, సరుకు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో వీఏ03 (ఆర్డర్ చూసే స్క్రీన్) తెరిచి, ఆర్డర్ నంబరు కొట్టి, డాక్యుమెంట్ ఫ్లో (ఆ ఆర్డర్ మీద పుట్టిన కాగితాల వరస) నొక్కడం. అమీర్‌పేటలో మూడు నెలలు ఎస్‌ఏపీ ఎస్‌డీ (అమ్మకాల భాగం) కోర్సు చేసి వచ్చినవాళ్లకి ఇది మరీ చిన్న పనిలా కనిపిస్తుంది. ఆర్డర్ టైపులు, ఐటమ్ కేటగిరీలు, ప్రైసింగ్ ప్రొసీజర్ అన్నీ సొంత చేత్తో కట్టి వచ్చారాయె, ఇప్పుడు బటన్ నొక్కమంటే మొహం ముడుచుకుంటారు. నేనూ అలాగే ముడుచుకున్నాను. పదకొండేళ్ల కిందట మైత్రీవనం వెనక సందులో, ఫ్లెక్సీల మధ్య తలుపు వెతుక్కుని మెట్లెక్కి నేర్చుకున్న చదువు నాది. ఇంటర్వ్యూకి అది పనికొచ్చింది. సపోర్టులో చేరాక వచ్చిన మొదటి టికెట్లో (యూజర్ పంపే ఫిర్యాదు) మాత్రం ఒకే ముక్క ఉంది: "ఆర్డర్ కదలడం లేదు, అర్జెంట్." గంటన్నర సేపు ఎస్‌పీఆర్‌ఓలో కాన్ఫిగరేషన్ అంతా తిరిగాను. తీరా చూస్తే ఆర్డర్లో కస్టమర్ పీఓ (కొనుగోలు ఆర్డర్) నంబరు గడి ఖాళీ. ఆ గడి నింపగానే కదిలింది.

మా నాన్నకి సూర్యాపేటలో ఎరువుల దుకాణం ఉండేది. రైతు వచ్చి నాలుగు బస్తాల యూరియా అడిగితే ఆయన ముందు ఖాతా పుస్తకం తీసేవాడు, పాత ఉద్దెర ఎంతుందో చూసేవాడు. తర్వాత గోడౌన్‌లో సరుకుందా అని కేక. ఆ తర్వాత రేటు చెప్పి చీటీ రాసేవాడు. చీటీ చూపిస్తే గుమస్తా బస్తాలు బయటికి వేసేవాడు, చివర్లో బిల్లు. ఎస్‌ఏపీలో ఆర్డర్, డెలివరీ, గూడ్స్ ఇష్యూ (సరుకు బయటికి వేయడం), ఇన్వాయిస్ అని పేర్లు మారాయి గానీ వరస అదే. టికెట్ చేతికి రాగానే ఈ వరసలో ఎక్కడి దాకా వచ్చి ఆగిందో తేల్చండి. మిగతాదంతా తర్వాత.

టికెట్లో రాసినదాన్ని నమ్ముకుని మొదలుపెట్టకండి, ఫోన్ చేయండి. ఆర్డర్ నంబరు, తెరమీద వచ్చిన ఎర్రర్ మెసేజ్ నంబరుతో సహా, అది ఈ ఒక్క ఆర్డర్‌కేనా అన్నిటికీనా. ఇవి అందరూ అడుగుతారు. నేను ఇంకొకటి అడుగుతాను: "సరుకు ఇప్పుడెక్కడుంది?" ఈ ప్రశ్న నాకు మేడ్చల్ వైపున్న ఒక గోడౌన్ సూపర్‌వైజర్ నేర్పాడు. రేటు తప్పు పడిందని టికెట్. నేను తాపీగా కండిషన్ రికార్డులు (సిస్టమ్‌లో ఎక్కించిన రేట్లు) చూసుకుంటూ కూర్చున్నా. ఆయనే ఫోన్ చేశాడు. "మేడమ్, బండి లోడై గేటు కాడ నిలబడి రెండు గంటలైంది. రేటు సంగతి మీరు రేపు చూస్తరా ఎల్లుండి చూస్తరా నాకు తెల్వదు, డ్రైవర్ నన్ను తింటుండు." అప్పుడు అర్థమైంది. సరుకు ర్యాకులోనే ఉంటే ఆర్డర్లో రేటు సరిచేస్తే సరిపోతుంది. గూడ్స్ ఇష్యూ అయి ఇన్వాయిస్ కూడా పడిపోతే అదే తప్పుకి ఇన్వాయిస్ రద్దు చేయాలి, లేదా క్రెడిట్ మెమో (ఎక్కువ పడిన డబ్బు తిరిగి జమ చేసే కాగితం) ఇవ్వాలి. ఒకే తప్పు, సరుకు ఉన్న చోటును బట్టి మందు మారుతుంది.

ఇక డాక్యుమెంట్ ఫ్లో. అందులో ఆర్డర్ ఒక్కటే కనిపించి డెలివరీ లేదంటే ఆర్డర్ లోపలే ఏదో అడ్డం ఉంది. ముందు ఎడిట్ మెనూలో ఇన్‌కంప్లీషన్ లాగ్ చూడండి, ఖాళీ గడులు అదే చెబుతుంది. ఇలాంటి ఆర్డర్లన్నీ ఒకేసారి కావాలంటే వీ.02 రిపోర్టు ఉంది. తర్వాత డెలివరీ బ్లాక్, క్రెడిట్ స్టేటస్. అవీ బాగుంటే ఏ తేదీకి ఎంత సరుకో చెప్పే షెడ్యూల్ లైన్లోకి వెళ్లి కన్ఫర్మ్ అయిన క్వాంటిటీ చూడండి. అక్కడ సున్నా ఉంటే స్టాకు సంగతి, సీఓ09 తెరిస్తే ఎవరికి ఎంత కట్టబెట్టారో తెలుస్తుంది.

షిప్పింగ్ పాయింట్ (సరుకు బయల్దేరే చోటు) ఖాళీగా ఉండటం కొత్త సరుకు విడుదలైన వారంలో తప్పనిసరిగా వస్తుంది. షిప్పింగ్ పాయింట్ మూడు చోట్ల నుంచి తేలుతుంది: కస్టమర్ దగ్గరి షిప్పింగ్ కండిషన్, మెటీరియల్‌లోని లోడింగ్ గ్రూప్, సరుకు పంపే ప్లాంటు. కొత్త మెటీరియల్ తెరిచేటప్పుడు లోడింగ్ గ్రూప్ పెట్టడం ఎవరో ఒకరు మర్చిపోతారు. మీరు మెటీరియల్ మాస్టర్ (ఆ సరుకు రికార్డు) సరిచేయించినా పాత ఆర్డర్ తనంతట తాను సర్దుకోదు. ఆ లైన్లో షిప్పింగ్ పాయింట్ చేత్తో పెట్టాలి, లేదా ఐటమ్ తీసేసి మళ్లీ వేయాలి. ఇది యూజర్‌కి చెప్పకపోతే "ఇంకా సరికాలేదు" అని టికెట్ మళ్లీ తెరుస్తారు.

డెలివరీ ఉండి గూడ్స్ ఇష్యూ కాకపోతే సగంసార్లు పికింగ్ (ర్యాకు నుంచి సరుకు తీయడం) పూర్తికాలేదు, లేదా పుస్తకంలో స్టాకు లేదు. అది గోడౌన్‌వాళ్లతో తేలే వ్యవహారం. ఇన్వాయిస్ పడి అకౌంటింగ్‌కి వెళ్లకపోతే వీఎఫ్ఎక్స్3లో (ఆగిన ఇన్వాయిస్‌ల జాబితా) కనిపిస్తుంది. ఎక్కువగా కస్టమర్‌కో మెటీరియల్‌కో అకౌంట్ అసైన్‌మెంట్ గ్రూప్ లేక వీకేఓఏలో (ఏ అమ్మకం ఏ ఖాతాకో చెప్పే పట్టిక) ఖాతా దొరక్కపోవడం, లేదంటే ఫైనాన్స్‌వాళ్లు పీరియడ్ (ఆ నెల లెక్కలు) మూసేయడం. కారణం సరిచేసి వీఎఫ్02లో పచ్చజెండా బొమ్మ నొక్కితే వెళ్లిపోతుంది.

ఎక్కువ తిట్లు పడేది రేటు దగ్గర. ఆర్డర్ ఐటమ్‌లో కండిషన్స్ ట్యాబ్ తెరిచి అనాలిసిస్ బటన్ నొక్కండి. ప్రతి కండిషన్‌కీ సిస్టమ్ ఏ వరసలో ఎక్కడెక్కడ వెతికింది, ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు అని పూసగుచ్చినట్టు చెబుతుంది. ఊహించడం మానేసి అది చదవండి. ఇండియా క్లయింట్లకి ఏప్రిల్ 1 పొద్దున వచ్చే టికెట్లలో చాలా భాగం ఒకటే: రేట్ల గడువు మార్చి 31తో అయిపోయింది, కొత్తవి ఎవరూ ఎక్కించలేదు. వీకే13లో తేదీలు చూస్తే రెండు నిమిషాల పని.

దానికి తలకిందులు కేసు కష్టం. ఒక క్లయింటు కొత్త ధరల పట్టిక ఎక్కించారు, అందరికీ వస్తోంది, ఒక్క డీలర్‌కి మాత్రం పాత రేటే. అనాలిసిస్‌లో చూస్తే ఎప్పుడో పండగ స్కీముకి ఆ డీలర్ పేరు మీద ప్రత్యేక రేటు పెట్టి, గడువు 31.12.9999 అని వదిలేశారు. సిస్టమ్ ముందు కస్టమర్ పేరున్న రేటు వెతుకుతుంది, దొరికిందా, పట్టిక దాకా రాదు. మా దుకాణంలోనూ మేనమామకి తగ్గించి ఇచ్చిన రేటు చీటీ ఒకటి గల్లాపెట్టె మూతకి ఏళ్ల తరబడి అతికి ఉండేది. నాన్న లేనప్పుడు గుమస్తా దాన్నే చూసి బిల్లు రాసేవాడు.

జీఎస్‌టీ టికెట్లకి నా చిట్కా ఒకటి. ఒకే రాష్ట్రంలో అమ్మితే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ రెండు పడాలి. రాష్ట్రం దాటితే ఐజీఎస్‌టీ ఒక్కటే. మా క్లయింట్ల దగ్గర సిస్టమ్ చూసేది ప్లాంటు ఉన్న రాష్ట్రాన్నీ, కస్టమర్ మాస్టర్‌లోని రీజియన్ గడినీ. పన్ను తప్పు పడిందంటే ముందు కస్టమర్ జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. నంబరు 37తో మొదలై, రీజియన్ గడిలో మాత్రం తెలంగాణ అని ఉంటే దొంగ దొరికినట్టే. విజయవాడ డీలర్‌కి ఎవరో హైదరాబాద్ డీలర్ రికార్డు కాపీ కొట్టి అడ్రసు మాత్రం మార్చి ఉంటారు. ఇలాంటివి త్వరగా పట్టుకోవాలి, ఎందుకంటే ఈ-ఇన్వాయిస్ ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఇచ్చే నంబరు) పుట్టాక 24 గంటల లోపే పోర్టల్లో రద్దు చేయగలం. అది దాటితే క్రెడిట్ నోటే గతి, అప్పుడు ఫైనాన్స్‌వాళ్ల మొహాలు చూడాలి.

2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు మాకు వారం రోజులు నిద్రలేదు. ఏసీలు 28 నుంచి 18కి దిగాయి. కొత్త రేటు కండిషన్ రికార్డు సరైన తేదీతో ఎక్కించాం, కొత్త ఆర్డర్లు బాగానే ఉన్నాయి. 22కి ముందు వేసి, తర్వాత ఇన్వాయిస్ అవుతున్న ఆర్డర్లలో కొన్నిటికి 28 వస్తోంది. డెలివరీ నుంచి బిల్లింగ్‌కి ఏమేం మోసుకెళ్లాలో చెప్పే కాపీ కంట్రోల్ వీటీఎఫ్ఎల్‌లో ప్రైసింగ్ టైప్ చూడాలి. అక్కడ జీ ఉంటే ధర ఆర్డర్ నుంచి తెచ్చుకుని పన్ను మాత్రం కొత్తగా లెక్కేస్తుంది. డీ ఉంటే పన్నుతో సహా పాతది మోసుకొస్తుంది. ఒక ఐటమ్ కేటగిరీకి డీ ఉంది. ఎప్పుడు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పే మనిషి ఆ కంపెనీలో లేడు.

క్రెడిట్ బ్లాక్ (ఉద్దెర కారణంగా ఆర్డర్ ఆగడం) గురించి ఒక్క మాటే. వీకేఎం3లో రిలీజ్ బటన్ మీ ఐడీకి పనిచేసినా నొక్కకండి. సేల్స్ ఆయన ఎంత బతిమాలినా సరే. ఉద్దెర ఇవ్వాలో వద్దో గల్లాపెట్టె ముందు కూర్చున్నాయన నిర్ణయం, గుమస్తాది కాదు. ఎందుకు బ్లాక్ అయిందో, లిమిట్ ఎంత, బాకీ ఎంత అని చూపించడం వరకే మన పని.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఒక అమెరికా క్లయింటుకి పెద్ద కస్టమర్ నుంచి ఆర్డర్లు ఈడీఐలో, అంటే వాళ్ల కంప్యూటర్ నుంచి నేరుగా మన సిస్టమ్‌కి వస్తాయి. ఒక సాయంత్రం డబ్ల్యూఈ02లో 46 ఐడాక్‌లు (ఆ ఆర్డర్లు మోసుకొచ్చే మెసేజ్‌లు) స్టేటస్ 51లో, అంటే లోపలికి వచ్చి పోస్ట్ కాకుండా నిలిచిపోయాయి. కస్టమర్ కొత్తగా తెరిచిన స్టోర్ల నంబర్లకి వీఓఈ4లో మ్యాపింగ్ లేదు. మ్యాపింగ్ వేయించి, బీడీ87లో 46 ఎంచుకుని ప్రాసెస్ కొట్టాను. అన్నీ 53కి, అంటే పోస్ట్ అయినట్టు మారాయి. సంబరంగా క్యాంటీన్‌కెళ్లి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని చాయ్ తాగి వచ్చాను. అప్పటికి వాళ్ల పొద్దున్నుంచి ఎదురుచూసి విసిగిపోయిన అక్కడి కస్టమర్ సర్వీసువాళ్లు వాటిలో 19 ఆర్డర్లు చేత్తో వీఏ01లో ఎక్కించేసి ఉన్నారు. డెలివరీలు వేసే బ్యాచ్ జాబ్ రెండు జతలకీ డెలివరీలు వేసింది. ఏడు లోడులు రెండుసార్లు వెళ్లాయి. నా మేనేజర్ అరవలేదు. "ప్రాసెస్ కొట్టేముందు ఎవరినైనా అడిగావా అమ్మా?" అన్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

అప్పటినుంచి 51లో ఉన్నవాటిని మళ్లీ నడిపేముందు పీఓ నంబర్లన్నీ ఐడాక్‌ల నుంచి తీసి, ఆర్డర్లుండే వీబీఏకే టేబుల్లో కస్టమర్ పీఓ నంబరుండే బీఎస్‌టీఎన్‌కే గడిలో ఉన్నాయేమో ఎస్‌ఈ16ఎన్‌లో చూస్తాను. ఉన్నవాటిని పక్కన పెట్టి, మిగతావాటిలో ఒక్కటి నడిపి, ఆర్డర్ తెరిచి చూసుకుని, అప్పుడు గుంపుగా. క్లయింటు వైపు ఒక మనిషి పేరు ముందే అనుకుని "చేత్తో ఎక్కించకండి, నేను చూస్తున్నా" అని మెసేజ్ పెడతాను. ఎస్‌ఎం12లో లాక్‌లు తీసేయడానికీ ఇదే పద్ధతి. ఆర్డర్ లాక్ అయి ఉందంటే ఆ యూజర్ నిజంగా అందులో టైపు చేస్తూ ఉండొచ్చు, ఆయనకి ఫోన్ చేయకుండా లాక్ చెరపకండి.

నెలాఖరు రాత్రి షిఫ్టు మీ వంతు వస్తుంది. ఈస్టర్న్ టైమ్ క్లయింటుకి పొద్దున ఎనిమిది అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. వాళ్లు పుస్తకాలు మూసేది మనకి తెల్లవారాక. ఆ రాత్రి వీఎఫ్04, వీఎఫ్ఎక్స్3 రెండూ తెరిచి పెట్టుకుని, గంటకోసారి లెక్క రాసుకోండి. బిల్లు కావాల్సినవి ఎన్ని, ఆగినవి ఎన్ని. ఆ అంకె తగ్గుతుంటే ఊరికే ఉండండి, పెరుగుతుంటే ఎస్‌ఎం37లో బిల్లింగ్ జాబ్ నడుస్తోందో లేదో చూడండి.

పొద్దున దిగేముందు హ్యాండోవర్ మెయిల్లో "సమస్య చూస్తున్నాం" అని రాయకండి. ఆర్డర్ నంబరు, డాక్యుమెంట్ ఫ్లోలో ఎక్కడ ఆగింది, కారణం తెలిసిందా లేదా, ఎవరి జవాబు కోసం ఆగాం, మనం ఏం ముట్టుకున్నాం. చివరిది తప్పకుండా రాయాలి. అది రాయకుండా క్యాబ్ ఎక్కిన రోజు గచ్చిబౌలి ఫ్లైఓవర్ దిగకముందే ఫోన్ వస్తుంది, సీట్లో కూర్చునే ల్యాప్‌టాప్ తెరవాల్సి వస్తుంది.