సిగ్నల్ దగ్గర ఆగితేనే మినుకుమనే కారు: కరెంటు ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం ఎలా?

"బ్యాటరీ కొత్తది వేయించాను. అయినా అదే గోలరా" అంటూ మా బాబాయ్ కారు తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డు ముందు ఆపాడు. ఇప్పుడు డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్) కూడా మార్చమని ఎవరో చెప్పారట.

పన్నెండేళ్ల పెట్రోలు బండి. రోడ్డు మీద పోతున్నంతసేపు ఏ రోగమూ ఉండదు. ఏలూరు రోడ్డులో సిగ్నల్ పడి రెండు నిమిషాలు ఆగితే చాలు, హెడ్‌లైట్లు మినుకుమంటాయి. ఒక్కోసారి పాటల సిస్టమ్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుద్ధిగా నిలబడింది. ఇలాంటి బండికి పార్టులు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది గానీ ఫాల్ట్ దొరకదు. దాన్ని రప్పించాలి, వచ్చినప్పుడు కొలవాలి.

అందుకే మీటరు తీసే ముందు పావుగంట ప్రశ్నలే అడుగుతాను. ఏసీ వేసి ఉందా? ఇంజిన్ వేడెక్కాక వస్తుందా, పొద్దున్నే వస్తుందా? వర్షం పడ్డాక మొదలైందా? బాబాయ్ అన్నిటికీ "ఏమోరా" అన్నాడు. చివరికి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బండి ఎక్కడుందని అడిగాను. "సింగ్ నగర్‌లో ఇంటి ముందే. లైట్ల దాకా నీళ్లు. తర్వాత సర్వీసు చేయించాంగా!" చేయించారు నిజమే. ఆయిల్ మార్చారు, సీట్లు ఆరబెట్టారు. బోల్టుల కింద పట్టే తుప్పును ఎవరు చూస్తారు?

స్లోలో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడే ఎందుకు వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. అప్పుడు డైనమో నెమ్మదిగా తిరుగుతుంది, చార్జింగ్ తక్కువ. బండి ఆగి ఉంటే ఎదురుగాలి ఉండదు కాబట్టి రేడియేటర్ ఫ్యాను మాటిమాటికీ ఆన్ అయి కరెంటు గట్టిగా లాగుతుంది. పైగా స్లోలో ఇంజిన్ వణుకు ఎక్కువ. లూజ్ కాంటాక్ట్ ఎక్కడున్నా ఆ వణుకుకి కదులుతుంది.

కావలసినవి ఒక డిజిటల్ మల్టీమీటరు, పది నంబరు స్పానరు, ఎమరీ పేపరు, ఒక ఎండు కర్ర. బండిని గాలాడే చోట పెట్టండి, న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఉంగరం, కంకణం తీసేయండి. ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది, చెయ్యి అటు పోనివ్వకండి.

రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. టెర్మినల్ క్లాంపు చేత్తో తిప్పితే తిరక్కూడదు. స్టార్ట్ చేశాక చాలా బళ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త బళ్లలో కంప్యూటరే చార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అక్కడ ఒక్క అంకె చూసి కంగారు పడొద్దు. ఇప్పుడు ఏసీ, లైట్లు, బ్లోయరు అన్నీ వేయండి. స్లోలో 13 కిందికి జారి అక్కడే ఉండిపోతే డైనమో బెల్టు, లోపలి కార్బన్లు (బ్రష్‌లు) చూడాలి. మీటరును ఏసీ వోల్టులకు (ఆల్టర్నేటింగ్ కరెంటు రేంజికి, చల్లబరిచే ఏసీ కాదు) మార్చి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెడితే అర వోల్టు దాటకూడదు, దాటితే డైనమోలో డయోడ్‌ను (కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్క) అనుమానించాలి. చవక మీటర్లు కొన్ని ఇక్కడ అబద్ధమాడతాయి. ఇంజిన్ ఆపి అదే రేంజిలో పెడితే సున్నా రావాలి. రాకపోతే ఆ మీటరుతో ఈ పరీక్ష వద్దు.

ఒకటి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో పనిచేస్తోందో లేదో చూడడం. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఇంజిన్ కంప్యూటర్ పోవచ్చు. అది పాతకాలం అలవాటు.

బాబాయ్ బండిలో లైట్లు మినుకుమన్నప్పుడు కూడా బ్యాటరీ మీద 13.9 కదల్లేదు. అంటే బ్యాటరీ, డైనమో రెండూ నిర్దోషులు. ముందు అనుమానించాల్సింది కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిని, అంటే ఎర్త్‌ను.

మీటరును మళ్లీ డీసీ వోల్టులకు మార్చి దాని ఒక వైరు బ్యాటరీ మైనస్ సీసం ముక్కకే ఆనించాను, క్లాంపుకి కాదు. రెండోది బాడీ మీద పెయింటు లేని బోల్టుకి. లోడు ఉన్నా ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. 0.08 చూపించింది. బాబాయ్ "బాగానే ఉందిగా" అన్నాడు. "ఉండు బాబాయ్, ఫ్యాను తిరగనీ" అన్నాను. రెండు టీలు అయ్యాయి. ఫ్యాను బుర్రుమంది, అంకె 0.9కి ఎగిరింది. కర్రతో మైనస్ నుంచి బాడీకి పోయే వైరును మెల్లగా కదిపితే 0.2, 1.1, 0.3 అని గంతులేసింది, దాంతోపాటే లైట్లూ.

ఇంజిన్ ఆపి, మైనస్ క్లాంపు తీసి, బ్యాటరీ ట్రే కింద ఆ బోల్టు విప్పాను. పైకి శుభ్రంగానే ఉంది. కింద వైరు చివరి కన్నం ముక్క చుట్టూ ఆకుపచ్చ పొడి, బాడీ రేకు మీద గోధుమరంగు తుప్పు. రెండు వైపులా రేకు మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు రాశాను. వైరు తొడుగు కొంచెం ఒలిచి చూసినప్పుడు లోపలి రాగి ఆకుపచ్చగా మారి ఉంటే రుద్ది లాభం లేదు, వైరే మార్చాలి. ఇక్కడ రాగి బాగానే ఉంది. మళ్లీ ఫ్యాను తిరిగేదాకా ఆగి కొలిస్తే 0.04.

మీ బండిలో బాడీ ఎర్త్ బాగుంటే, ఇదే పద్ధతిలో ఇంజిన్ ఎర్త్, తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు బాక్సు దాకా కొలవండి. అక్కడా దొరక్కపోతే రిలేలు, ఇగ్నిషన్ స్విచ్, ఎలుకలు కొరికిన వైర్లు.

మూడు వందల్లో అయిపోయే పని. పాత బ్యాటరీ ఏం చేశావని బాబాయ్‌ని అడిగాను. కొత్తది కొన్నప్పుడు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడట.