మొదటి సెమిస్టర్‌లో తొలి మూడు వారాలు ఏం చేయాలి?

యూనివర్సిటీలో చేరిన కొత్తలో రోజూ హోంవర్క్ అడిగేవాళ్లుండరు. అడగట్లేదు కాబట్టి పనేమీ లేదనిపిస్తుంది. తీరా తేరుకునేసరికి మిడ్ పరీక్షలు నెత్తిమీదుంటాయి. కాబట్టి ఏర్పాట్లన్నీ మొదట్లోనే చేసుకోవాలి.

ప్రతి సబ్జెక్టుకూ కోర్సు ప్లాన్ ఇస్తారు. అన్నీ ముందేసుకుని, ఒకే కాగితం మీద అయిదు గళ్లు గీయండి: గడువు తేదీ, సబ్జెక్టు, పని, మార్కులు, మొదలుపెట్టాల్సిన తేదీ. అసలు కీలకం ఆ చివరి గడి. 10 మార్కుల అసైన్‌మెంట్‌కి గడువుకి వారం ముందు, ప్రాజెక్టుకి మూడు వారాల ముందు తేదీ వేసుకోండి. సబ్జెక్టుకో కాగితం పెడితే లాభం లేదు. ఒకే వారంలో రెండు గడువులు, ఒక పరీక్ష వచ్చి పడుతున్నాయన్న సంగతి అన్నీ ఒకచోట ఉంటేనే కనిపిస్తుంది. సబ్జెక్టు మార్చుకోవడానికి, వదులుకోవడానికి ఉన్న ఆఖరి తేదీ కూడా అక్కడే ఎర్ర సిరాతో రాయండి. అది దాటాక బతిమాలినా పని జరగడం కష్టం.

తర్వాత మార్కుల లెక్క. ఇంటర్నల్స్ 40, ఫైనల్ 60 అనుకుందాం. ఇంటర్నల్స్‌లో 18 వస్తే, మొత్తం 60 తెచ్చుకోవడానికి ఫైనల్‌లో 42 కావాలి, అంటే 70 శాతం. అదే ఇంటర్నల్స్‌లో 32 తెచ్చుకుంటే 28 చాలు. చిన్న క్విజ్‌లే కదా అని వదిలేసేవాళ్లు ఈ లెక్క ముందే వేసి చూడరు.

క్రెడిట్ల సంగతీ అంతే. క్రెడిట్లంటే ఒక్కో సబ్జెక్టుకి ఇచ్చే బరువు. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 6 గ్రేడ్ పాయింట్లు, 2 క్రెడిట్ల దాంట్లో 9 వస్తే సగటు 7.5 అనుకుంటారు. నిజానికి 24 (4×6), 18 (2×9) కలిపి 42; దాన్ని మొత్తం క్రెడిట్లు 6తో భాగిస్తే 7. సులువుగా ఉంది కదా అని చిన్న సబ్జెక్టు మీదే గంటలు కుమ్మరించకండి. అమెరికాలో ఒక క్రెడిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, కనీసం రెండు గంటల సొంత చదువు అని లెక్క. ఆ ప్రకారం 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటలు. యూరప్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే మొత్తం 25 నుంచి 30 గంటల పని. మీ దగ్గర ఎలాగో నిబంధనల పుస్తకంలో చూసుకోండి.

క్లాసు అయిన రోజే పది నిమిషాలు నోట్సు మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. రాయలేకపోయిన చోటే రేపటి ప్రశ్న దొరుకుతుంది. నేర్చుకున్నది తొలి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. రంగు పెన్నుతో గీతలు గీస్తూ పదిసార్లు చదివితే పేజీ పరిచయమవుతుందే గానీ, పరీక్షలో చేయి కదలదు.

సందేహం అడిగేటప్పుడు ‘ఏమీ అర్థం కాలేదండీ’ అంటే ఏ మాస్టారైనా ఎక్కణ్ణించి మొదలుపెడతారు? ‘మూడో లెక్కలో రెండో మెట్టు దగ్గర గుర్తు ఎందుకు మారింది?’ అనండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మెయిల్ అయితే కోర్సు కోడ్, సెక్షన్, రోల్ నంబర్ తప్పనిసరి.

అసైన్‌మెంట్ ఒకరోజు ముందే అప్‌లోడ్ చేసి, దాన్నే మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. పాత డ్రాఫ్టో, ఖాళీ ఫైలో వెళ్లిపోవడం మామూలే. అందినట్టు వచ్చిన మెసేజ్‌ని మార్కులు వచ్చేదాకా దాచుకోండి.