ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌లో గరగర ఎలా పోయిందంటే: నా అనుభవం

నా 0.177 అంగుళాల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ బరువుగా ఉండటమే కాక, నొక్కుతున్నప్పుడు ఇసుక అడ్డుపడినట్టు ఆగి ఆగి కదిలేది. పలుచని నూనె వేయడం, సర్దుబాటు స్క్రూ తిప్పడం, పెల్లెట్లు (చిన్న గుండ్లు) మార్చడం ఏవీ ఫలించలేదు.

రైఫిల్ కాక్ అయి (స్ప్రింగ్ నొక్కుకుని పేలడానికి సిద్ధంగా) లేదనీ, బ్యారెల్‌లో పెల్లెట్ లేదనీ చూసుకొని, ముందువైపు స్క్రూలనూ ట్రిగ్గర్ గార్డు స్క్రూలనూ విప్పి రైఫిల్ చెక్క భాగాన్ని వేరు చేశాను. స్ప్రింగ్ ఉన్న సిలిండర్‌ను మాత్రం ముట్టుకోలేదు, ఇంట్లో విప్పవలసిన భాగం కాదది. స్ప్రింగ్ నెట్టే పిస్టన్‌ను పట్టి ఉంచే సియర్ అనే కొక్కెం ట్రిగ్గర్‌ను తాకే అంచు దగ్గర పాత గ్రీజు నల్లగా గడ్డకట్టి, అందులో సన్నని లోహపు పొడి మెరుస్తూ కనిపించింది. కిరోసిన్‌లో తడిపిన ఇయర్‌బడ్‌లతో, దూదికి నలుపు అంటడం మానేదాకా తుడిచి, ఆరనిచ్చి, అగ్గిపుల్ల కొనతో మాలిబ్డినం గ్రీజును ఆ అంచుకు మాత్రమే పలుచగా రాశాను. ఎక్కువైతే అది పిస్టన్ ముందుకు చేరి, పేల్చినప్పుడు పొగ వస్తుంది. అంచును ఆకురాయితో అరగదీయమని చాలామంది చెబుతారు గాని, పైనున్న గట్టి పొర పోతే రైఫిల్ దానంతటదే పేలే ప్రమాదం ఉంది.

చెక్క బిగించాక ఇసుక బస్తాకు గురిపెట్టి, పెల్లెట్ వేసే పరీక్షించాను, ఎందుకంటే ఖాళీగా పేలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది. ట్రిగ్గర్ బరువు పెద్దగా తగ్గలేదు గాని గరగర పోయింది. అంచు ఇప్పటికే అరిగిన రైఫిళ్లకు ఇది సరిపోకపోవచ్చు. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిళ్ల ట్రిగ్గర్ నిర్మాణమే వేరు.